శ్రీకాకుళంలో మొదటి ఇల్లు ఏ ఏరియాలో కొనాలి? ముందు ఒక వాన పడనివ్వండి

హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మానాన్నల కోసం శ్రీకాకుళంలో ఇల్లు చూస్తున్నాను, ఇదే మొదటిసారి, బడ్జెట్ 40 లక్షలు, ఏ ఏరియా మంచిది అని అడిగారు. ఏరియా పేరు చూసి కొనకండి. ఒకే కాలనీలో మొదటి లైన్ వాళ్ళు హాయిగా పడుకుంటారు, నాలుగో లైన్ వాళ్ళు వానాకాలమంతా బియ్యం బస్తాలు మంచాల మీద పెట్టుకుంటారు. నాకెలా తెలుసంటే, ఆ నాలుగో లైన్లో ఇంటికి అడ్వాన్స్ ఇచ్చిన తెలివైనదాన్ని నేనే.

అప్పట్లో మేం అరసవల్లిలో అద్దెకుండేవాళ్ళం. (అక్కడ కొనాలనుకునేవాళ్ళకి ఒక మాట. ఆదివారాలు సూర్యనారాయణస్వామి గుడి రద్దీతో ఎలాగో సర్దుకోవచ్చు గానీ రథసప్తమి వచ్చిందంటే ముందురోజు రాత్రి నుంచే బండి బయటకు తీయలేం.) నేను టీచర్ని, రోజూ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సు. మా ఆయనది పైడిభీమవరంలో షిఫ్టు ఉద్యోగం, కంపెనీ బస్సు హైవే మీద ఎక్కాలి. అందుకని హైవేకి దగ్గరలో వెతికాం. ఒక బ్రోకర్ మే నెలలో, పొద్దున్న పదింటికి, కొత్త ఇల్లు చూపించాడు. తూర్పు ముఖం, ముందు 30 అడుగుల రోడ్డు, దాని మీద ఎర్రటి గ్రావెల్. మా మావయ్యగారు సిద్ధాంతిగారిని తీసుకొచ్చి టేపు పెట్టి కొలిపించారు. ఈశాన్యం రెండంగుళాలు పెరిగి ఉందని ఇంటిల్లిపాదీ సంతోషించాం. 50 వేలు అడ్వాన్స్ ఇచ్చేశాం. బ్యాంకు కాగితాల తిరుగుడు దసరా దాకా సాగింది.

దసరా సెలవుల్లో రెండు రోజులు వదలకుండా ముసురు పట్టింది. ఊరికే ఇంట్లో కూర్చోలేక, మన ఇల్లు చూసొద్దాం రండి అని మా ఆయన్ని బయలుదేరదీశాను. సాయంత్రం ఆరున్నర. లేఅవుట్ మొదట్లోనే బండి ఆగిపోయింది. గ్రావెల్ రోడ్డు ఎక్కడుందో కనబడితే కదా, అంతా ఎర్రనీళ్ళే, మోకాళ్ళ పైకి. వీధి దీపం ఒక్కటీ లేదు. మా ఆయన ఫోన్ లైటు వేసుకుని నాలుగడుగులు వేశారు, ఒక చెప్పు పోయింది. ఇల్లు మాత్రం ఎత్తు పునాది మీద పొడిగా, నీళ్ళ మధ్యలో ముచ్చటగా నిలబడి ఉంది. లోపలికి వెళ్ళాలంటే పడవ కావాలి, అంతే.

అటు నుంచి యూరియా సంచి నెత్తిన ముసుగేసుకుని ఒక ముసలావిడ గేదెను తోలుకొస్తోంది. మమ్మల్ని చూసి ఆగి, "ఈ ఇల్లు మీరు కొంతన్నారేటి పాపా?" అంది. అవునన్నాను. "ఇది పల్లం కదా. మావిక్కడ ఉబాలేసినోలం. అదిగో ఆ పక్కన గెడ్డ ఉండీది, దాన్ని కప్పెట్టీసి రోడ్డేసీసినారు. మరి నీరెటెల్తది?" అంది. (ఉబాలంటే వరినాట్లు, గెడ్డంటే వాగు.) సిద్ధాంతిగారికి, బ్యాంకు లాయరుకి, వాల్యుయేషన్‌కి వచ్చినాయనకి ఎవరికీ రాని అనుమానం అది. వీళ్ళకి ఫీజులు ఇచ్చాం, ఆవిడకి టీ కూడా ఇవ్వలేదు.

ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర లేదు. తర్వాత ఆ సర్వే నంబరు పట్టుకుని గ్రామ నక్షా చూపించుకుంటే గెడ్డ ఎంచక్కా గీసే ఉంది. చెరువులు, గెడ్డలు, దారులు అందులో ఉంటాయి. మీరు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకం దస్తావేజులు), లేఅవుట్ అప్రూవల్, 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల లిస్టు) ఎలాగూ చూస్తారు. దాంతో పాటు నక్షా కూడా చూడండి.

నది పక్కన చూస్తుంటే ఇంకో సంగతి. మన దగ్గర చినుకు లేకపోయినా ఒడిశా కొండల్లో గట్టిగా పడితే నాగావళి పొంగుతుంది, తోటపల్లి బ్యారేజీ గేట్లెత్తారని వార్త వస్తుంది. కాబట్టి "ఇక్కడ వాన తక్కువండీ" అనే మాట నమ్మకండి.

డబ్బు సంగతికొస్తే, మీ 40 లక్షలు మొత్తం ఇంటికే పెట్టేయకండి. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 40 లక్షల ఇంటికి 3 లక్షలు. బ్యాంకు ఆ ధర మీద 80 శాతానికి మించి ఇవ్వదు. మిగతా 8 లక్షలు, ఈ 3 లక్షలు, మొత్తం 11 లక్షలు చేతిలో ఉండాలి. ఇది మాకు ఎవరూ ముందు చెప్పలేదు. విశాఖలో కొనుక్కోవచ్చుగా అని సలహా ఇచ్చిన బంధువులు మాత్రం పదిమంది ఉన్నారు. వంద కిలోమీటర్ల అవతల ఇల్లు కొని నేను బడికెలా వెళ్ళాలో వాళ్ళే చెప్పాలి. బ్రోకర్లయితే ఏ స్థలం చూపించినా భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు తీయకుండా ఉండరు. మీ అమ్మగారు రోజూ విమానం ఎక్కుతారా? ఆవిడకి కావలసింది నడిచి వెళ్ళేంత దూరంలో కూరగాయలు, మందుల షాపు, రాత్రి పిలిస్తే వచ్చే ఆటో.

చివరికి మేం పాలకొండ రోడ్డు వైపు ఒక పాత సందులో పాత ఇల్లు కొన్నాం. కారు లోపలికి రాదు. పక్కనే రామాలయం, ధనుర్మాసంలో తెల్లారుజామున నాలుగున్నరకి మైకు. వాస్తు గురించి మావయ్యగారు ఇప్పటికీ సణుగుతారు. కానీ ఈసారి కొనే ముందు వానలో రెండుసార్లు, రాత్రిపూట ఒకసారి వెళ్ళి చూశాం, మూలన ఇస్త్రీ బండి ఆయన్ని అడిగాం, గోడల మీద నీటి మరక ఎంత ఎత్తుందో వంగి చూశాం.

అడ్వాన్స్‌లో 30 వేలు తిరిగొచ్చాయి, 20 వేలు రాలేదు. ఆ బ్రోకర్ దగ్గర నుంచి గుడ్ మార్నింగ్ మెసేజ్ మాత్రం ఇప్పటికీ రోజూ వస్తుంది, కింద ఏదో ఒక కొత్త లేఅవుట్ ఫోటో పెడతాడు. అన్నీ మండుటెండలో తీసినవే.