చెక్క గరిటెలు, పప్పుగుత్తి పగుళ్లివ్వకుండా ఉండాలంటే ఏం చేయాలి?

ముందు వాటిని సింకులో నానబెట్టడం మానేయండి. రాత్రంతా అంట్లలో పడి ఉంటే చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. పగుళ్లు అక్కడే మొదలవుతాయి. వాడిన వెంటనే కడిగి, గుడ్డతో తుడిచి, గాలి తగిలే నీడలో నిలబెట్టండి.

పప్పుగుత్తికి ఇంకాస్త ఓపిక కావాలి. దాని గాడుల్లో ఇరుక్కున్న పప్పు ఎండితే గట్టిపడి, తర్వాత పులిసిన వాసన వస్తుంది. తడిగా ఉండగానే పాత టూత్‌బ్రష్‌తో తోమండి. వాసన పోకపోతే ఉప్పు అద్దిన నిమ్మచెక్కతో రుద్దండి.

నెలకోసారి, బాగా ఆరిన చెక్కకు రాత్రి కొబ్బరినూనె పట్టించి, పొద్దున్నే మిగిలింది తుడిచేయండి. సన్‌ఫ్లవర్ నూనె వద్దు, కొన్నాళ్లకు జిగటగా మారుతుంది. గరుకుదేలితే సన్న ఉప్పుకాగితంతో (శాండ్‌పేపర్) రుద్దితే చాలు. లోతుగా చీలి లోపల నల్లబడిన గరిటెను మాత్రం, మనసొప్పకపోయినా, పారేయండి.