కారు బ్రేకులకు లోన్ యాప్ అప్పా?

గాజువాక నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 36, పరవాడలో ఫార్మా కంపెనీ ఉద్యోగం, చేతికి 58,000 వస్తుంది. ఐదేళ్ల కారు. మూడు నెలలుగా బ్రేకు తొక్కితే కీచుమంటోందట. మొన్న సింహాచలం కొండ దిగుతుంటే ఆ కీచు కాస్తా గరగరలోకి మారింది. షోరూమ్ వాళ్ల సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే 34,600 ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. కారు అక్కడే ఉంది.

బ్యాంకు ఖాతాలో ఉన్నది 11,000. ఫోన్‌లో ఒక యాప్ పది నిమిషాల్లో 35,000 లోన్ ఓకే చేసింది. నెలకు 3,500 చొప్పున 12 నెలలు. ‘వడ్డీ 20 శాతమే కదా సార్, తీసుకోనా? లేకపోతే జనవరిలో లక్ష రూపాయల చీటీ చివరి నెల, అప్పటిదాకా మెల్లగా నడుపుకోనా? తరుగుదల కోయని జీరో డెప్ ఇన్సూరెన్స్ ఉంది, అందులో ఏమైనా వస్తుందా? మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే రెండున్నరేళ్ల సిప్‌లో 1,72,000 ఉంది గానీ, దాన్ని ముట్టుకోకూడదని పెట్టుకున్నా’ అన్నది ఆయన ప్రశ్న.

ముందు ఇన్సూరెన్స్ సంగతి. రాదు. వాడకంలో అరిగిపోయిన వస్తువుకు మోటారు పాలసీ డబ్బివ్వదు, జీరో డెప్ ఉన్నా ఇవ్వదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ కాగితం తీసి చూసినా ప్యాడ్లు, లైనర్లు మినహాయింపుల జాబితాలోనే కనిపిస్తాయి.

జనవరి దాకా నడుపుకోవడం అనే మాట మీ బుర్రలోంచి ఇప్పుడే తీసేయండి. లంకెలపాలెం మీదుగా, ట్రైలర్లూ ట్యాంకర్లూ తిరిగే హైవే మీద, నైట్ షిఫ్ట్ చేసి నిద్ర కళ్లతో నడిపే కారు మీది. అరిగిన బ్రేకులతో మెల్లగా నడపడం అంటూ ఏమీ ఉండదు. ముందున్న లారీ ఆగినప్పుడు మీరూ ఆగాలి, అంతే. బ్రేకులు బాగయ్యేదాకా కారు సర్వీస్ సెంటర్ గేటు దాటకూడదు.

ఇక మీ లోన్. అక్కడే నాకు ఒళ్లు మండింది. 35,000కి మొదట్లోనే ప్రాసెసింగ్ ఫీజు 1,750, దాని మీద జీఎస్టీ 315 కోసుకుంటామని మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లోనే ఉంది. అంటే మీ ఖాతాలో పడేది 32,935. ఏ బిల్లు కోసం అప్పు చేస్తున్నారో ఆ బిల్లుకే చాలదు! తిరిగి కట్టేది 42,000. మీరు 20 శాతం అనుకుంటున్నది ఫ్లాట్ రేటు. ప్రతి నెలా అసలు తగ్గుతున్నా, మొత్తం 35,000 మీదే ఏడాది పొడుగునా వడ్డీ లెక్కకట్టారు. చేతికొచ్చిన డబ్బుకూ, కట్టే వాయిదాలకూ లెక్కేస్తే ఏడాదికి సుమారు 47 శాతం పడుతోంది. క్రెడిట్ కార్డు బాకీ మీద సాధారణంగా వేసే వడ్డీ కన్నా ఎక్కువ. అప్పు ఇచ్చే ముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అనే పేజీ ఇచ్చి, అందులో అన్ని చార్జీలూ కలిపిన వార్షిక రేటు చూపించాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ పేజీ తెరిచారా? తెరిచి ఉంటే 20 శాతం అని రాసేవారు కాదు.

అయినా మీ ఉత్తరానికి ఇంత పొడుగ్గా జవాబు రాస్తున్నది ఆ యాప్ కోసం కాదు. మీలాంటి ఖాతాలు నేను తరచూ చూస్తుంటాను. సిప్ ఉంటుంది, చీటీ ఉంటుంది, కారు ఈఎంఐ ఒక్క నెల కూడా తప్పదు. ఖర్చుల్లో దుబారా ఏమీ కనిపించదు. కానీ అనుకోకుండా పాతిక ముప్పై వేలు కావాల్సి వస్తే ఫోన్ తీసి లోన్ యాప్ తెరుస్తారు. అత్యవసర నిధి ఏదని అడిగితే సిప్ చూపిస్తారు. ఆ సిప్ ముట్టుకోకూడదని మళ్లీ వాళ్లే అంటారు!

మీ విషయంలో ఆ నిధి లేకపోవడం వల్ల ఎంత ఖర్చయిందో చూడండి. మూడు నెలల కిందట వచ్చిన ఆ కీచు శబ్దం ఊరికే రాలేదు. చాలా కార్లలో ప్యాడ్ అంచున చిన్న ఇనుప రేకు ఉంటుంది. ప్యాడ్ అరిగి చివరికి వచ్చేసరికి ఆ రేకు డిస్కును రాసుకుని కూత పెడుతుంది, మార్చే టైమ్ అయిందని చెప్పడానికే. అప్పుడే వెళ్లి ఉంటే ముందు ప్యాడ్లు 4,200, దాని మీద కొంత లేబర్, అంతే. ‘ఆ నెల స్కూల్ ఫీజు ఉండింది, తర్వాత చూద్దామనుకున్నా’ అని మీరే రాశారు. ఈలోగా ప్యాడ్ మీది మెటీరియల్ అయిపోయి వెనకున్న ఇనుప ప్లేటు డిస్కును గీకేసింది. ఆ గరగర అదే. ఇప్పుడు డిస్కులకు 9,800 అదనం. పక్కన పదివేలు ఉండి ఉంటే ఈ పదివేల ఖర్చు పుట్టేదే కాదు.

ఇప్పుడు ఎస్టిమేట్ చూద్దాం. ముందు ప్యాడ్లు 4,200, డిస్కులు జత 9,800, వెనక లైనర్లు 3,400, డ్రమ్ములు జత 6,600, బ్రేక్ ఆయిల్ 900, లేబర్ 4,100. ఇంతవరకు 29,000. మిగతా 5,600 ఇంటీరియర్ క్లీనింగ్‌కి, ఏసీ ట్రీట్‌మెంట్‌కి, కింద కొట్టే యాంటీ రస్ట్ కోటింగ్‌కి. సముద్రం పక్కన ఊరు కాబట్టి కోటింగ్ వల్ల ఉపయోగం లేదని అనను గానీ, అప్పు చేసి కొట్టించుకునేది కాదది. ఆ మూడూ జాబ్ కార్డులోంచి తీయించేయండి. సర్వీస్ అడ్వైజర్ మొహమాటపెడతాడు, వాళ్లకూ టార్గెట్లుంటాయి. ‘బ్రేకుల పని మటుకే చేయండి’ అని చెప్పి, సవరించిన ఎస్టిమేట్ వాట్సాప్‌లో పెట్టమనండి.

డిస్కు మీద దాని కనిష్ఠ మందం అచ్చుకొట్టి ఉంటుంది. డ్రమ్ము మీద లోపలి వ్యాసం ఎంత దాకా అరగొచ్చో ఉంటుంది. మీ ముందు కొలిచి చూపించమనండి. గరగర వచ్చింది కాబట్టి డిస్కులు పోయే ఉంటాయని నా అనుమానం. కానీ డ్రమ్ములు? వెనక బ్రేకుల మీద బరువు తక్కువ పడుతుంది. చాలా కార్లలో డ్రమ్ములు ఒకటికి రెండు జతల లైనర్లను దాటి బతుకుతాయి. కొలత పరిమితిలోనే ఉంటే ఆ 6,600 కూడా పోతుంది, బిల్లు 22,400కి దిగుతుంది. లైనర్లు, బ్రేక్ ఆయిల్ దగ్గర మాత్రం బేరాలు పెట్టకండి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడికి మరిగి ఆవిరి బుడగలు పట్టి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. మీరు ఐదేళ్లలో ఎప్పుడైనా మార్చారా? పాత బిల్లుల్లో అయితే ఆ లైను నాకు కనిపించలేదు. పాత సామాన్లు డిక్కీలో వేసి ఇమ్మని ముందే చెప్పండి. ఇంకొకటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే. బిల్లులో ఎక్కడైనా 28 కనిపిస్తే అడగండి.

ఆటోనగర్‌లో చేయిస్తే లేబర్ తగ్గుతుంది కదా అంటారా? తగ్గుతుంది. మంచి మెకానిక్ తెలిసి, ఒరిజినల్ పార్టులే వేస్తాడంటే పర్వాలేదు. కానీ ఈ స్థితిలో కారును అక్కడిదాకా నడుపుకుంటూ వెళ్లొద్దు, టోయింగ్‌కి పెట్టే ఖర్చుతో ఆ మిగులు సగం పోతుంది. ఈసారికి కారు ఉన్న సర్వీస్ సెంటర్‌లోనే కానివ్వండి.

డబ్బు ఎక్కడి నుంచి? మీరు ముట్టుకోకూడదన్న మ్యూచువల్ ఫండ్ నుంచే. అందులోంచి 80,000 తీయండి. పాత యూనిట్లే ముందు అమ్ముడవుతాయి, అవి ఏడాది దాటినవి కాబట్టి చాలా ఫండ్లలో ఎగ్జిట్ లోడ్, అంటే ముందుగా తీసినందుకు కోసే చార్జీ, ఉండదు. ఈక్విటీ ఫండ్లలో ఏడాదికి 1,25,000 దాకా దీర్ఘకాలిక లాభం మీద పన్నూ లేదు, మీకు వచ్చిన లాభం అందులో చిన్న భాగం. రెండు మూడు పనిదినాల్లో డబ్బు ఖాతాలో పడుతుంది, పార్టులు తెప్పించడానికి వాళ్లకూ ఎలాగూ అంత టైమ్ పడుతుంది. 29,000 బ్రేకులకు. మిగతా 51,000 ఒక వేరే ఖాతాలోకి, మిగులు దానంతటదే ఎఫ్‌డీలోకి మారే స్వీప్ ఇన్ ఉంటే మరీ మంచిది. ఆ ఖాతాకు యూపీఐ కలపకండి.

బ్రేకులకు 29,000 చాలు కదా, 80,000 ఎందుకని మీకు అనిపిస్తుంది. వచ్చే నెల అత్తగారికి ఆపరేషన్ అనో, కంపెనీలో జీతాలు లేటనో అంటే మళ్లీ ఆ యాప్ దగ్గరికే వెళ్తారు కాబట్టి. మీ ఇంటి ఖర్చు లెక్క చూశాను. అద్దె 12,000, కారు ఈఎంఐ 9,600, ఇల్లు గడవడానికి 14,000, స్కూలు 4,000, పెట్రోలు 5,000, ఊళ్లో అమ్మానాన్నలకు 3,000. నెలకు 47,600. 51,000 అంటే ఒక నెల ఖర్చు, అంతకు మించి ఏమీ కాదు. ప్రైవేటు ఉద్యోగానికి ఆరు నెలలది ఉండాలని నా పట్టుదల, అంటే 2,85,600. అంత ఒక్కసారి ఎవరూ పెట్టలేరు, మూడు నెలలది, 1,42,800, మొదటి మెట్టు.

సిప్పే అత్యవసర నిధి అనుకునే వాళ్లకు 2020 మార్చి గుర్తుచేస్తాను. జనవరిలో ఉన్న ఎత్తు నుంచి సెన్సెక్స్ రెండు నెలల్లో మూడో వంతుకు పైగా పడింది. సరిగ్గా అప్పుడే జీతాల్లో కోతలు పడ్డాయి, ఉద్యోగాలు పోయాయి. డబ్బు అవసరమైన రోజే ఈక్విటీ ఫండ్ కింద పడి ఉంది. మన విశాఖ వాళ్లకు ఇంకో పాఠం కూడా ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. బంకుల దగ్గర క్యూలు మీకూ గుర్తుండే ఉంటాయి. అందుకే ఆ నిధిలో ఐదారు వేలు ఇంట్లో నోట్ల రూపంలో ఉంచమంటాను.

సిప్ 5,000 ఈ నెల నుంచి ఆపేయండి. నొప్పిగానే ఉంటుంది, తెలుసు. అందులో 3,000 నిధికి, 2,000 కారుకు. కారుది వేరే లెక్క, రెండింటినీ కలపకండి. సర్వీసు, ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీ, బ్రేకులు, ఇవేవీ అత్యవసరాలు కావు. ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా వస్తాయి, తేదీ మాత్రమే తెలియదు. కారు కొన్నవాళ్లు ఈఎంఐ పక్కన ఈ 2,000ని కూడా ఇంకో ఈఎంఐలా రాసుకోవాలి. మీరు కొన్న రోజు నుంచే అలా వేసి ఉంటే ఈ ఉత్తరం రాసేవారే కాదు.

చీటీ తొందరపడి పాడకండి, జనవరి దాకా ఆగితే కమిషన్ పోను దాదాపు లక్షా వస్తుంది. సంక్రాంతికి గాజులు కొందామని ఇంట్లో అనుకున్నారట. ఆ లక్ష మొత్తం నిధిలోకే వెళ్లాలి, మేడమ్‌గారికి నా తరఫున సారీ చెప్పండి. దాంతో మూడు నెలల మెట్టు దాటేస్తారు. ఫిబ్రవరి నుంచి చీటీ వాయిదా 5,000 కూడా మిగులుతుంది కాబట్టి అప్పుడు నిధికి వేస్తున్న ఆ 3,000తో సిప్ మళ్లీ మొదలుపెట్టుకోండి, చీటీ వాయిదా 5,000 మాత్రం ఆరు నెలలది నిండేదాకా నిధికే.

వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. బ్యాంకులో బంగారం పెడితే ఆ యాప్ కన్నా చాలా తక్కువ వడ్డీ. క్రెడిట్ కార్డు ఉంటే దాని మీద గీకి, ఫండ్ డబ్బు రాగానే గడువులోపు పూర్తిగా కట్టేయొచ్చు, కనీస మొత్తం కట్టి ఊరుకుంటే మాత్రం నెలకు దాదాపు మూడున్నర శాతం మొదలవుతుంది. కార్డు వాళ్లు ఫోన్ చేసి ఈఎంఐ చేసుకోండి అంటే వద్దనండి.

ఆ యాప్‌లో చివరి ‘యాక్సెప్ట్’ ఇంకా నొక్కలేదన్నారు. నొక్కకండి. అప్లికేషన్ రద్దు చేసి, అది మీ కాంటాక్టులకు పర్మిషన్ అడిగి తీసుకుందేమో ఫోన్ సెట్టింగ్స్‌లో చూడండి. లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు ముట్టుకోకూడదని 2022లోనే రిజర్వ్ బ్యాంకు చెప్పింది. తీసుకుని ఉంటే అది ఎలాంటి యాప్ అన్నది మీకే అర్థమవుతుంది. రిజర్వ్ బ్యాంకు సైట్‌లో లోన్ యాప్‌ల జాబితా ఉంది, అందులో దీని పేరు లేకపోతే రిజర్వ్ బ్యాంకు వాళ్ల ఫిర్యాదుల సైట్ ‘సచేత్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేసి, మర్నాడు సర్వీస్ సెంటర్‌కి వెళ్లి ఆ డ్రమ్ములు కొలిపించండి.