వాణ్ని ఒక్కణ్నే తీసుకుపోకు

బిడ్డా,

నిన్న ఫోన్లో కొడుకు మొండితనం చెప్పి నువ్వు ఏడుస్తుంటే సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నా. "పెద్దమ్మా, వీణ్ని ఎవరికైనా చూపించి బాగుచేయించాలి" అన్నావు. మిక్సీ రిపేరుకు ఇచ్చి వచ్చినట్టు కాదమ్మా. కౌన్సెలింగ్‌కు ముగ్గురూ పోవాలి. అల్లుడితో సెలవు పెట్టించు. ఆయన రాకపోతే నువ్వు వద్దన్న ఫోన్ రాత్రికి నాన్న దగ్గర దొరుకుతుంది.

పోయే ముందు ఒక వారం నోట్‌బుక్‌లో రాయి. "మొండి, మాట వినడు" అని కాదు. మనవడి సంగతిలో నా కోడలు ఇట్లా రాసింది: "మంగళవారం సాయంత్రం 7. హోంవర్క్ తియ్యమంటే స్టీలు గ్లాసు విసిరాడు. అరిచాను. చివరికి ఫోన్ ఇచ్చాను." దాని కింద చిన్నగా: "టిఫిన్ బాక్స్ అట్లనే తిరిగొచ్చింది." ఆరు రోజుల్లో నాలుగు రోజులు ఇదే వరుస. ఆకలి ఒకటి, విసిరితే ఫోన్ వస్తుందన్న లెక్క ఒకటి. కౌన్సెలర్ మా మాటలకన్నా ఆ పేజీనే ఎక్కువసేపు చూసింది.

ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని పక్కింటామె అంటే బెంబేలు పడకు. ఆ లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలవ్వాలి, కనీసం 6 నెలలు ఉండాలి, అదీ ఇంట్లోనే కాదు, బడిలో కూడా. అందుకే టీచర్‌ను కూడా అడుగు. చెవులు, కళ్లు, నిద్ర సంగతి కూడా డాక్టర్‌కు చెప్పు. మీ అత్తమ్మ దిష్టి తీస్తానంటే తియ్యనీ, దానికి గొడవెందుకు. ఆస్పత్రికి పోవాలంటే బెరుగ్గా ఉంటే ముందు సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యి. తెలుగులో మాట్లాడతారు, పైసలు అక్కర్లేదు.

అసలు కష్టం తర్వాత ఉంది. అరిచినప్పుడు ఫోన్ ఇవ్వడం మానగానే మొదట్లో వాడు ఇంకా ఎక్కువ అరుస్తాడు. తొమ్మిదో రోజు ఓపిక పోయి ఇచ్చావనుకో, తొమ్మిది రోజులు అరిస్తే చాలని నేర్చుకుంటాడు. కొట్టకు. నేను బెత్తం పట్టుకుని పాఠాలు చెప్పినదాన్ని. 2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టొద్దంటే నాకు కోపమే వచ్చింది. నా కొడుకు నా దెబ్బలకు నేర్చుకున్నది మాత్రం అబద్ధమాడటం.

రోజూ 10 నిమిషాలు వాడు చెప్పిన ఆట ఆడు. అప్పుడు ఎక్కాలు అడగకు, తప్పులు దిద్దకు. నా కోడలికి అన్నిటికన్నా ఇదే కష్టమైంది.

వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీ చీటీకి లైన్ ఉంటుంది, పరకాల నుంచి పొద్దున్నే బయలుదేరండి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో "లోపల ఏం చెప్పినవ్?" అని వాణ్ని గుచ్చి గుచ్చి అడగొద్దు. చిన్నదాన్ని హన్మకొండలో మా ఇంట్లో వదిలిపోండి, అన్నం నేను పెడతా.

మీ పెద్దమ్మ