డిగ్రీ చదివిన కొడుకు కొర్రలు వేస్తానంటే

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం ప్రాంతం. బీఎస్సీ పూర్తిచేసిన మా అబ్బాయి ఐదెకరాల మెట్టలో వేరుశనగ మాని కొర్రలు వేసి, సొంత పేరుతో ప్యాకెట్లు అమ్ముతానంటున్నాడు. అప్పుల సంగతి తెలియనివ్వకుండా, చేను వైపు రానివ్వకుండా పెంచాం; వాడికి సేద్యమే తెలియదు. బెంగళూరులో కోర్సు చేయించడం మేలా, వాడి మాట వినడం మేలా? బంధువులకు ఏమని చెప్పాలి?

జవాబు: మీరు ఆదాయం గురించి అడిగినా, మిమ్మల్ని తొలుస్తున్నది ఆ చివరి ప్రశ్నే.

పంట విషయంలో మీ అబ్బాయి లెక్క తప్పు కాదు. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళ వాన ముఖం చాటేస్తే వేరుశనగకు విత్తనకాయల ఖర్చు కూడా తిరిగి రాదని మీకు తెలిసిందే. కొర్రకు ఎకరానికి నాలుగు కిలోల లోపు విత్తనం సరిపోతుంది. నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన సూర్యనంది రకం దాదాపు 75 రోజుల్లో కోతకు వస్తుంది.

నా సందేహమంతా ఆ ప్యాకెట్ మీదనే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన నాటి నుంచి, రంగుల సంచిపై ఊరి పేరు అచ్చువేయించుకుని వచ్చే యువకులను తరచుగా చూస్తున్నాను. పొట్టు తీసే మిల్లు ఎక్కడుందో, బస్తా ధాన్యానికి బియ్యం ఎంత దిగుతుందో, నూకలు ఎవరు కొంటారో వారిలో చాలామంది చెప్పలేరు. ధాన్యంగా ఏళ్ల తరబడి నిలిచే కొర్ర, పొట్టు తీశాక ఎక్కువ కాలం ఆగదు. కేంద్ర మద్దతు ధరల జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి గాని కొర్ర లేదు.

ఇక మీకు కటువుగానే ఒక మాట చెప్పాలి. విత్తనకాయలకు ఎంత అప్పు తెచ్చారో, బ్యాంకులో ఏ నగ కుదువపెట్టారో ఇన్నేళ్లూ వాడికి తెలియనివ్వకుండా, చేను వైపు రావద్దని పెంచింది మీరే; ఇప్పుడు వాడికి సేద్యం తెలియదని ఎత్తిపొడవడం న్యాయమేనా? ముందు ఆ అప్పుల లెక్క వాడి ముందు పెట్టండి.

బెంగళూరు ఎక్కడికీ పోదు, కోర్సులు వచ్చే ఏడాదీ ఉంటాయి. డిగ్రీ చేతిలో ఉన్న కుర్రవాడికి ఒక్క ఖరీఫ్ చేజారినంత మాత్రాన బతుకు చెడదు. బంధువులు అనేదేదో ఎలాగూ అంటారు. ఈసారి ఒక్క ఎకరంలో కొర్ర వేయనివ్వండి, మిగిలిన నాలుగింటిలో వేరుశనగలో కంది సాళ్లు పెట్టుకోండి. పంట చేతికొచ్చేలోగా వాడు ఏదైనా చిరుధాన్యాల మిల్లులో పనికి కుదరాలి. ఆ ఎకరం ధాన్యాన్ని తానే బియ్యం చేయించి, అమ్మి, ఖర్చూ రాబడీ కాగితం మీద రాసి మీకు చూపించాలి. బెంగళూరు సంగతి అప్పుడు మాట్లాడుకోండి.