న్యాయ సందేహాలు: కంపెనీయే విదేశానికి పంపితే రక్షణ ఎవరిది?

ప్రశ్న: మాది చీమకుర్తి మండలం. మా వారు ఎనిమిదో తరగతి వరకే చదివారు. చాలా ఏళ్లుగా ఒక గ్రానైటు కంపెనీలో క్రేన్ ఆపరేటరుగా పనిచేస్తున్నారు. ఆ కంపెనీకి ఒమాన్‌లో ఏదో క్వారీ పని దొరికిందని, ఏడు నెలల పాటు ఆయనను అక్కడికి పంపుతామని అంటున్నారు. జీతం ఎప్పటిలాగే ఇక్కడి బ్యాంకు ఖాతాలో వేస్తారట. అక్కడ భోజనం, బస, రోజువారీ బత్తా ఇస్తారట. ‘ఇది డిపుటేషన్, వలస కాదు, విజిట్ వీసా సరిపోతుంది, ఎమిగ్రేషన్ క్లియరెన్సు అక్కర్లేదు’ అని మేనేజరు గారు చెప్పారు. అక్కడ జరగరానిది జరిగితే మేము ఎవరిని అడగాలి?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, డిపుటేషన్ అన్న మాట వరకు మేనేజరు గారు చెప్పింది సరైనదే కావచ్చు. ఆ మాటను ఆధారం చేసుకుని ఆయన తేల్చిన మిగతా రెండు సంగతులూ తప్పు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశంలో ఉద్యోగం చేసే ఉద్దేశంతో దేశం విడిచి వెళ్లడమే వలస. అది ఏడు నెలలా ఏడేళ్లా, జీతం ఒంగోలు బ్యాంకులో పడుతుందా మస్కట్‌లో పడుతుందా అన్నది ఆ నిర్వచనంలో లేదు. పదో తరగతి పూర్తి చేయని మీ వారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమైన) కోవలోకి వస్తుంది. అటువంటి పాస్‌పోర్టుతో ఉద్యోగానికి వెళ్లేవారు ముందుగా ప్రభుత్వం నుంచి ఈ క్లియరెన్సు, అంటే వలస అనుమతి, పొందవలసిన 18 దేశాలలో ఒమాన్ ఒకటి. సొంత పని కోసం మనుషులను విదేశానికి తీసుకువెళ్లే భారతీయ కంపెనీలను కూడా ఆ చట్టం వదిలిపెట్టలేదు. వారు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదై అనుమతి పొందాలి.

విజిట్ వీసా విషయంలో ఇంకా గట్టిగా చెప్పవలసి ఉంది. ఆ వీసాతో పనిచేయడం ఒమాన్‌లో నేరం. పట్టుబడితే జరిమానా, దేశ బహిష్కారం కార్మికుడి మెడకు కూడా చుట్టుకుంటాయి. అంతకంటే పెద్ద నష్టం, అక్కడి చట్టం కార్మికులకిచ్చే రక్షణ అందకుండా పోవడం. అక్కడి కార్మిక చట్టం 2023లో కొత్తగా వచ్చింది. జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 దాకా ఎండలో పని చేయించరాదన్న నిబంధన కూడా అక్కడ అమలులో ఉంది. అక్కడ పనిచేసే పర్మిట్ లేని మనిషి వీటి పేరు చెప్పి ఫిర్యాదు చేయబోతే, తన అక్రమ స్థితిని తానే బయటపెట్టుకున్నట్లవుతుంది. క్వారీలో క్రేన్ నడిపే మనిషిని సందర్శకుడిగా పంపుతామనే కంపెనీ, ఖర్చు మిగుల్చుకోవడానికి అతని రక్షణను వదులుకుంటోందనే నేను అనుకుంటున్నాను.

ఇక మీరు అసలు అడిగినది ప్రమాదం గురించి. ఇక్కడ చట్టం మీకు బాగా అనుకూలంగా ఉంది, కానీ ఆ సంగతి చాలామందికి తెలియదు. భారతదేశంలో నమోదైన కంపెనీ నియమించుకుని విదేశంలో పని చేయించే ఉద్యోగులకు కూడా ప్రమాద పరిహారం వర్తించేలా 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టాన్ని 1995లో సవరించారు. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి (సోషల్ సెక్యూరిటీ కోడ్)లోనూ దేశం వెలుపల జరిగే ప్రమాదాలకు ప్రత్యేక నిబంధన ఉంది. పరిహారం కోసం మీరు ఒమాన్ కోర్టు మెట్లు ఎక్కనవసరం లేదు. కుటుంబం నివసించే ప్రాంతంలో ఈ పరిహార కేసులు చూసే అధికారి ముందే దరఖాస్తు వేసుకోవచ్చు. అయితే ప్రమాద సమయంలో ఆయన మీ కంపెనీ ఉద్యోగిగానే ఉన్నారని రుజువు కావాలి. అక్కడికి చేరాక స్థానిక కాంట్రాక్టరు పేరున కొత్త ఒప్పందం మీద సంతకం చేయిస్తే ఈ రుజువు బలహీనపడుతుంది. అందువల్ల డిపుటేషన్ ఉత్తర్వులో యజమాని పేరు, పనిచేసే స్థలం, పని పేరు, గడువు, తిరుగు ప్రయాణ ఖర్చు ఎవరిదన్నది స్పష్టంగా రాయించుకోండి. ‘కంపెనీ సూచించిన ఏ సంస్థలోనైనా’ అనే వాక్యం ఉంటే కొట్టివేయించండి. ఆ ఉత్తర్వు, వీసా, పాస్‌పోర్టు నకళ్లు మీ దగ్గర ఇంట్లో ఉండాలి. ఆయన ఫోనులో మాత్రమే ఉంటే చాలదు.

క్లియరెన్సు దారిలో వెళితే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తప్పనిసరిగా తీసుకోవాలి. ప్రీమియం కొన్ని వందల రూపాయలే. ప్రమాదవశాత్తు మరణించినా శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి. విజిట్ వీసా మీద పంపితే ఇదీ పోయినట్లే.

ప్రశ్న: మా అబ్బాయి డిప్లొమా చేశాడు. యంత్రాలు బిగించే పనికి కంపెనీ ఐదు నెలలు జర్మనీ పంపుతోంది. ఇక్కడి జీతమే ఇస్తూ, రోజు ఖర్చులకిచ్చే సొమ్ము కలిపితే అక్కడి కనీస వేతనం దాటుతుందని చెబుతున్నారు. ఇది సబబేనా? పి.ఎఫ్. సంగతి ఏమిటి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: సబబు కాదండీ. జర్మనీ గడ్డపై చేసిన పనికి అక్కడి కనీస వేతనం ఇవ్వవలసిందే, యజమాని కంపెనీ ఏ దేశంలో ఉన్నా సరే. 2026 జనవరి నుంచి అది గంటకు 13.90 యూరోలు. తాత్కాలికంగా పంపిన కార్మికుల గురించి యూరోపియన్ యూనియన్ 1996లో చేసి, 2018లో సవరించిన ఆదేశం ప్రకారం, ప్రయాణానికి, భోజనానికి, బసకు అయిన ఖర్చు తిరిగి ఇవ్వడం వేతనం కిందికి రాదు. ఐరోపా బయటి కంపెనీలకు ఇంతకంటే వెసులుబాటు ఇవ్వరాదని కూడా అందులోనే ఉంది. అందుచేత జీతం, ఖర్చుల సొమ్ము వేర్వేరుగా చూపిన పత్రాన్ని అడగండి. రోజుకు ఎన్ని గంటలు పనిచేసిందీ అబ్బాయిని ఒక పుస్తకంలో రాసుకోమనండి.

పి.ఎఫ్. విషయంలో చింత అక్కర్లేదు. భారత్, జర్మనీల సామాజిక భద్రతా ఒప్పందం 2017 మే 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం 48 నెలల లోపు పనికి పంపిన ఉద్యోగి ఇక్కడి పి.ఎఫ్.లోనే కొనసాగుతూ అక్కడి పింఛను చందా నుంచి మినహాయింపు పొందవచ్చు. ఇందుకు ఉద్యోగి ఇక్కడి పి.ఎఫ్.లోనే ఉన్నాడని పి.ఎఫ్. సంస్థ ఇచ్చే కవరేజి సర్టిఫికెట్టును కంపెనీ ప్రయాణానికి ముందే తెప్పించాలి. అది లేకపోతే రెండు చోట్లా చందా కట్టవలసి రావచ్చు.