తిథి తెలియనివాళ్లను కూడా రాయి

విజయవాడ

ప్రియమైన అమ్మాయికి,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. న్యూజెర్సీలో మీ పక్కింటి పెద్దావిడ దగ్గర కూర్చుని, యూదురాలైన వాళ్లమ్మ వియన్నా నుంచి తెరెజీన్ నాజీ నిర్బంధ శిబిరానికీ, అక్కణ్నుంచి ఆష్విట్జ్ మరణ శిబిరానికీ వెళ్లి, బతికి బయటపడి, 1949లో న్యూయార్క్‌లో ఓడ దిగిన కథంతా ఇన్ని నెలలు ఓపిగ్గా విని రాశావు. అది చిన్న పని కాదు. ఆవిడ నిన్ను నమ్మి ఇంట్లో కాగితాల పెట్టె నీ చేతికిచ్చింది. అందుకే కాస్త కఠినంగా చెప్పినా ఏమీ అనుకోకు.

నీ వంశవృక్షంలో ముగ్గురు ఆడవాళ్లకి పేరు పక్కన ‘సారా’ అని ఉంది. ఎవరో ముత్తవ్వ పేరు అయ్యుంటుందని, ఆ ఇంట్లో ఆ పేరంటే ఇష్టమని రాశావు. కాదమ్మా. 1938 ఆగస్టులో నాజీ ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. వినగానే యూదులని తెలిసే పేరు లేని ఆడవాళ్లు తమ పేరుకి సారా అనీ, మగవాళ్లు ఇజ్రాయెల్ అనీ చేర్చుకోవాలి. 1939 జనవరి 1 నుంచి అమలు. ఆ సారా ఏ అమ్మా ఉయ్యాల్లో వేసి పెట్టిన పేరు కాదు. చెట్టులోంచి తీసెయ్. ఆ కాగితం గురించి రాసేచోట మాత్రం ఉంచు, ఎవరు పెట్టారో చెప్పి ఉంచు.

ఆవిడ చిన్నతాత 1912లో ఎల్లిస్ ఐలండ్‌లో దిగితే, గుమాస్తాకి నోరు తిరగక ఇంటిపేరు కత్తిరించాడని ఇంకోచోట రాశావు. అమెరికాలో చాలా కుటుంబాలు ఈ కథ చెప్పుకుంటాయి. కానీ అక్కడి గుమాస్తాలు పేర్లు రాసేవారు కాదు. ఓడ బయల్దేరిన రేవులో తయారైన జాబితా చేతిలో పెట్టుకుని మనిషిని సరిచూసుకునేవారు. పేర్లు మార్చుకున్నది ఆ మనుషులే. తర్వాతెప్పుడో, కొట్టు పెట్టినప్పుడో, పౌరసత్వం తీసుకున్నప్పుడో. అది ఆయన సొంత నిర్ణయమని తెలిస్తే నీ ప్రశ్నే మారిపోతుంది. ఎందుకు మార్చుకున్నాడు? ఆ పేరుతో పని దొరకలేదా? వియన్నాలో ఉన్న అన్నకి ఆ సంగతి ఉత్తరంలో రాశాడా? ఆ పెట్టెలో పాత ఉత్తరాలున్నాయన్నావు కదా, అందులో చూడు.

ఇంకో సంగతి ఉంది. నీ చేతిలో ఉన్న కాగితాల్లో సగం హంతకులు రాయించినవి. 1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాని కలిపేసుకుంది. ఏప్రిల్ నెలాఖరుకే, 5,000 రైష్‌మార్కులకి (అప్పటి జర్మన్ డబ్బు) మించి ఆస్తి ఉన్న యూదులందరూ లెక్క చూపించాలని ఉత్తర్వు వచ్చింది. ఇల్లు, కొట్టు, ఇన్సూరెన్స్, నగలు, వెండి సామాను, అన్నీ. దోచుకునే ముందు వేసుకున్న లెక్క అది. ఆ పత్రాలు వియన్నాలో ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఆవిడ తాతగారిది దొరికితే, మూడో అధ్యాయంలో నువ్వు ఊహించి రాసిన పియానో, తెరలు, షాండ్లియర్ అవసరం ఉండవు. ఆ ఇంట్లో నిజంగా ఎన్ని వెండి చెంచాలున్నాయో రాయొచ్చు. నిజమైన ఆరు చెంచాలు ఊహించిన షాండ్లియర్ కంటే ఎక్కువ బాధ పెడతాయి.

తెరెజీన్‌లో ముత్తవ్వ ‘ముసలితనంతో కన్నుమూసింది’ అని రాశావు. మరణపత్రంలో అలాగే ఉంది, ఒప్పుకుంటాను. అక్కడికి దాదాపు 1,40,000 మందిని పంపారు. సుమారు 33,000 మంది అక్కడే పోయారు. పత్రాలు రాసిన డాక్టర్లూ ఖైదీలే. కారణం అన్నచోట ముసలితనం, న్యుమోనియా, పేగుల జబ్బు అని ఉంటుంది. ఆకలి అని ఉండదు. కాగితంలో ఉన్న మాట రాయి, దాని పక్కనే కాగితం రాయని మాట కూడా రాయి. ఆ పత్రంలో తల్లిదండ్రుల పేర్లు రాసే గడి కూడా ఉంటుంది. నింపి ఉంటే నీకు ఇంకో తరం దొరికినట్టే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నీ చెట్టు ఆవిడ నుంచి కిందికి చాలా పచ్చగా ఉంది. ముగ్గురు పిల్లలు, ఏడుగురు మనవలు, వాళ్ల కాలేజీలు, ఉద్యోగాలు. పైకి వెళ్తే వాళ్లమ్మకి ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు. వాళ్ల దగ్గర ‘యుద్ధంలో పోయారు’ అని రెండే రెండు ముక్కలు. చదువుతుంటే నాకు ఒక పాత అలవాటు గుర్తొచ్చింది. పాతికేళ్ల కిందట మా వంశావళి రాసినప్పుడు మగవాళ్లవీ, సంతానం ఉన్నవాళ్లవీ పేర్లు రాసి ఊరుకున్నాను. పిల్లలు లేకుండా పోయిన మా మేనత్త పేరు అందులో లేదు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి ఆవిడ. ఆ పని నువ్వు చెయ్యకూడదని నా పట్టుదల.

అమెరికా విదేశాంగ మంత్రిగా చేసిన మాడెలిన్ ఆల్‌బ్రైట్ సంగతి చూడు. 1937లో ప్రాగ్‌లో పుట్టింది. తండ్రి జోసెఫ్ కోర్బెల్ చెకోస్లొవాకియా దౌత్యవేత్త. 1939లో నాజీలు రాగానే భార్యనీ పసిపిల్లనీ తీసుకుని ఇంగ్లండ్ చేరాడు. అక్కడే కాథలిక్ మతం తీసుకున్నారు. చెకోస్లొవాకియాలో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చిన 1948లో కుటుంబం అమెరికాకి వలస వెళ్లింది. తాతయ్యా నాయనమ్మా అమ్మమ్మా యుద్ధంలో పోయారని మాత్రమే పిల్లలకి చెప్పారు. ఆవిడ మంత్రి అయ్యాక, 1997 ఫిబ్రవరిలో, ఒక పత్రికా విలేఖరి వెతికి తీస్తే తెలిసింది, వాళ్లు ముగ్గురూ యూదులుగా హోలోకాస్ట్‌లో, అంటే నాజీలు యూదుల మీద సాగించిన మారణకాండలో, పోయారని. ఆవిడకి అప్పటికి యాభై తొమ్మిదేళ్లు. ప్రాగ్‌లో పింకస్ సినగాగ్ అనే యూదుల ప్రార్థనామందిరం గోడల మీద, ఆ మారణకాండలో పోయిన చెక్ దేశపు యూదులు దాదాపు 78,000 మంది పేర్లు రాసి ఉంటాయి. అంతకు ముందు ఏడాదే ఆవిడ ఆ గోడలు చూసి వచ్చింది. తనవాళ్ల పేర్లు వెతకాలని తెలియదు. 1997 జూలైలో మళ్లీ వెళ్లి చూసుకుంది. తల్లిదండ్రులు ఎందుకు దాచారో ఆవిడ పుస్తకం రాసేనాటికి అడగడానికి వాళ్లిద్దరూ లేరు.

నీ పక్కింటావిడ వాళ్లమ్మ కూడా చాలా దాచే ఉంటుంది. ఆ మౌనాన్ని నువ్వు కల్పనతో నింపకు. ‘ఆమె ఆ రాత్రి చెల్లెలిని తలుచుకుని ఏడ్చింది’ అని ఎలా రాశావు? ఏడ్చిందని ఎవరు చెప్పారు? చెల్లెలి పేరు కూతురి దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదని నువ్వే రెండో అధ్యాయంలో రాశావు. ఆ ఒక్క వాక్యం చాలు, ఏడుపు తీసెయ్.

ఇంకొకటి అడుగుతాను. మనలో తాత పేరు మనవడికి పెడతాం కదా. తూర్పు, మధ్య ఐరోపా యూదులు బతికున్నవాళ్ల పేరు పిల్లలకి పెట్టరు, పోయినవాళ్లదే పెడతారు. మీ పక్కింటావిడ యుద్ధం తర్వాత పుట్టింది. ఆవిడకి ఎవరి పేరు పెట్టారు? అడిగావా? ఆ పెట్టెలో ఏ కాగితమూ చెప్పని జవాబు ఆవిడ సొంత పేరులోనే ఉండొచ్చు.

పోయిన రోజు తెలియని పితృదేవతలకి మనం మహాలయ అమావాస్య నాడు పెడతాం. యూదులకీ అలాంటి రోజు ఒకటి ఉంది. వాళ్ల పంచాంగంలో తెవేత్ నెల పదో రోజు. తిథి తెలియకుండా పోయిన హోలోకాస్ట్ మృతుల కోసం ఆ రోజు కద్దిష్ అనే ప్రార్థన చదువుతారు. ఇది మా స్నేహితుడొకాయన చెప్పినప్పుడు చాలాసేపు నోట మాట రాలేదు నాకు.

ఒక్క జాగ్రత్త. నాజీలకి కూడా వంశవృక్షాలు కావాలి. 1935 నూరెంబర్గ్ చట్టాల ప్రకారం తాతలూ అవ్వల్లో ముగ్గురో నలుగురో యూదులైతే ఆ మనిషి యూదు. చర్చి పుస్తకాలు తిరగేసి మనుషుల్ని అలా లెక్కపెట్టారు. కాబట్టి నీ పుస్తకంలో ‘సగం యూదు’, ‘స్వచ్ఛమైన యూదు రక్తం’ లాంటి మాటలు ఉండకూడదు. రెండుచోట్ల ఉన్నాయి, గీత పెట్టాను.

యెరూషలేంలో హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వషేమ్ వాళ్ల మృతుల పేర్ల జాబితాలో ఆ ఇద్దరు తమ్ముళ్లనీ, చెల్లెలినీ వెతుకు. చుట్టాలో, ఇరుగుపొరుగువాళ్లో ఎప్పుడో వాళ్ల వివరాలతో సాక్ష్యపత్రం నింపి ఉండొచ్చు. లేకపోతే మీ ఇద్దరూ కూర్చుని నింపండి. జర్మనీలో నాజీ బాధితుల రికార్డులు దాచే ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌కి కూడా రాయి. డబ్బు తీసుకోరు, జవాబుకి నెలలు పడుతుంది. ఆ టెన్షన్‌లో పుస్తకం ఆపకు, మిగతా అధ్యాయాలు రాస్తూ ఉండు.

ఆదివారం వెళ్తానన్నావు కదా. వెళ్లినప్పుడు ఆ చిన్న పిన్ని గురించే అడుగు. పేరు, ఇంట్లో ముద్దుగా ఏమని పిలిచేవారు, ఫోటో ఏమైనా మిగిలిందా. ఆవిడ వద్దంటే అక్కడితో ఆపెయ్, టీ తాగి వచ్చెయ్. చెబితే ఆ రాత్రే రాసి, నాకు పంపే ముందు ఆవిడకి చదివి వినిపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు