చంద్రగిరి కోట పక్కన పాత మిద్దె ఇల్లు: బాగుచేసుకోవడానికీ పర్మిషన్ కావాలా?

ప్రశ్న: చంద్రగిరిలో కోట గోడకు సుమారు 80 గజాల దూరంలో మా తాతగారు కట్టించిన మండువా ఇల్లు ఉంది. మద్రాసు టెర్రస్ మిద్దె కారుతోంది. రెండు దూలాలకు చెద పట్టింది. ఇంటి పాత రూపు చెడకుండా బాగుచేయించాలని నా ఆశ. మేస్త్రి మాత్రం మిద్దె దించేసి స్లాబ్ పోద్దామని, మరమ్మతే కాబట్టి పర్మిషన్ అక్కర్లేదని అంటున్నాడు. పాత తలుపులు, స్తంభాలు తనే తీసుకుపోతాడట. నాన్నగారు వీలునామా రాయకుండానే పోయారు. అన్నయ్య సరేనన్నాడు. పెళ్లయిన చెల్లెలిని కూడా అడగాలా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: పర్మిషన్ కావాలి, చెల్లెలినీ అడగాలి. మేస్త్రి మాట విని పని మొదలుపెట్టకండి.

చంద్రగిరి కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. చాలామంది కోటలోని రాజమహల్ నుంచి కొలుచుకుని తాము దూరంగానే ఉన్నామనుకుంటారు. కొలవాల్సింది కోటను రక్షిత కట్టడంగా ప్రకటించిన నోటిఫికేషన్‌లో చూపిన హద్దు నుంచి. ఆ హద్దు కోట గోడే అయితే మీ 80 గజాలు 73 మీటర్లే, అంటే మీ ఇల్లు నిషేధిత ప్రాంతంలో ఉన్నట్టే. ముందు సర్వేయరు చేత కొలిపించి ఆ కొలతను స్కెచ్ మీద వేయించండి.

అంతమాత్రాన ఇల్లు కూలేదాకా చూస్తూ కూర్చోవాలని చట్టం అనలేదు. 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటికి కాంపిటెంట్ అథారిటీ (ఈ చట్టం కింద అనుమతులిచ్చే అధికారి) అనుమతితో మరమ్మతు చేసుకోవచ్చని సెక్షన్ 20సి చెబుతోంది. అసలు మెలిక మాటల్లో ఉంది. ఉన్న ఇంట్లో చేసే మార్పులు మరమ్మతు. పాత పొడవు, వెడల్పు, ఎత్తు తోనే అయినా మళ్లీ కడితే అది పునర్నిర్మాణం. నియంత్రిత ప్రాంతంలో రెండింటికీ అనుమతి అడగవచ్చు, నిషేధిత ప్రాంతంలో మరమ్మతుకే. మిద్దె మొత్తం దించి, గోడల్లో కాంక్రీటు పిల్లర్లు లేపి, స్లాబ్ పోసి, దాన్ని మరమ్మతు అని నిలబెట్టుకోవడం చాలా కష్టం. నిషేధిత ప్రాంతంలో నిర్మాణానికి రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, ఒక్కోసారి రెండూ.

అందుకే దరఖాస్తులో 'రూఫ్ రిపేరు' అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఏ గదిలో ఏ దూలం, దాని పొడవు, మందం ఎంత, బదులుగా అదే కొలత టేకు వేస్తున్నారా అన్నది రాయండి. మీ మిద్దెలో దూలాల మీద సన్న ఇటుకలను నిలబెట్టి ఐమూలగా పేర్చి ఉంటారు, వాటిపైన సున్నంలో కలిపి దిమ్మిస కొట్టిన ఇటుక ముక్కలు, ఆపైన బిళ్లలు. వీటిలో ఎంత మేర విప్పుతారో, మళ్లీ సున్నంతోనే వేస్తారో లేదో స్పష్టంగా ఉండాలి. పని తర్వాత ఎత్తు అంగుళం కూడా పెరగదని ఇంజినీరు చేత డ్రాయింగ్‌లో చూపించండి. ప్రతి గదికీ ఇప్పుడే ఫొటోలు తీయించండి.

చట్టం అడగకపోయినా ఇంకో మాట: సున్నపు గోడలకు సిమెంటు పూత వద్దు. సున్నం తేమను పీల్చి బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బిగించేస్తుంది. పూత ఉబ్బుతుంది, ఉప్పు తేలుతుంది, గోడలో దిగిన దూలం కొస పుచ్చుతుంది. అప్పుడు మళ్లీ మిద్దె విప్పాలి, మళ్లీ అనుమతికి తిరగాలి.

1992 నాటికే ఇల్లు ఉందనడానికి పాత ఇంటిపన్ను రసీదులు, కరెంటు సర్వీసు కాగితం, ఇంటి వివరం ఉన్న పాత దస్తావేజుల నకళ్లు జతచేయండి. కాంపిటెంట్ అథారిటీ 15 రోజుల్లో దరఖాస్తును జాతీయ స్మారక కట్టడాల అథారిటీకి పంపాలి. వారి సిఫారసుకు రెండు నెలలు, అది అందాక నిర్ణయానికి ఒక నెల గడువు. ఈ అనుమతి వచ్చినా స్థానిక సంస్థ నుంచి తీసుకోవలసినది వేరే.

చెల్లెలికి పెళ్లయినా వాటా పోదు. అమ్మగారు ఉంటే ఆమెకూ వాటా ఉంటుంది. అందరి సంతకాలతో పనుల జాబితా, ఖర్చు ఎవరిదో రాసుకోండి. బిల్లులు భద్రంగా ఉంచితే, రేపు భాగపరిష్కారంలో అవసరమైన మరమ్మతుల ఖర్చు సర్దుబాటు అడగవచ్చు. సంతకం లేకుండా గోడ కదిలిస్తే కోర్టులో ఇంజంక్షన్ (పని ఆపించే ఉత్తర్వు) కోరే హక్కు చెల్లెలికి ఉంటుంది.

ఇక పాత సామాను. పని ఒప్పందంలో 'ఊడదీసిన కలప, తలుపులు, స్తంభాలు యజమానివే' అని రాయించండి. నూరేళ్లు నిండినవైతే, కట్టడం నుంచి విడదీసిన వస్తువులు కూడా 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటితో వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. గోడలోనో నేలలోనో దాచిన నాణేలు, నగలు బయటపడి విలువ పది రూపాయలు దాటితే, ఏమి, ఎక్కడ, ఏ రోజు దొరికిందో కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాచిపెడితే దొరికినవారి వాటా ప్రభుత్వానికి పోవడంతోపాటు ఏడాది వరకు జైలు పడవచ్చు. ఈ సంగతి కూలీలకు మొదటిరోజే చెప్పండి.